లేక్ వ్యూ రోడ్డులో లేక్ ఎక్కడ?

పడమటి మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు ఉంది. నుంగంబాక్కంలో ట్యాంక్ బండ్ రోడ్డు ఉంది, లేక్ ఏరియా అని ఒక పేట కూడా ఉంది. ఎక్కడా లేక్ మాత్రం లేదు. ఈ సంవత్సరం మా హిస్టరీ టీచర్ “మీ వీధి చరిత్ర రాసుకు రండి” అని ప్రాజెక్టు ఇచ్చారు. మా ఇల్లు పడమటి మాంబళంలోనే కాబట్టి నేను ఈ పేర్ల దగ్గరే మొదలుపెట్టాను. “వీధికి పేరు ఊరికే పెట్టరు, ఎందుకు పెట్టారో అడుగు” అన్నారు టీచర్.

అడిగితే తెలిసింది ఏమిటంటే, నూరేళ్ళ కిందట ఇక్కడ నిజంగానే పెద్ద చెరువు ఉండేది. నుంగంబాక్కం నుంచి సైదాపేట వైపు దాకా, మౌంట్ రోడ్డుకు పడమరగా పొడుగ్గా సాగి ఉండేది. అందుకే ఇంగ్లీషువాళ్ళు దాన్ని లాంగ్ ట్యాంక్ అన్నారు. వాళ్ళ కాలంలో అందులో పడవ పందేలు కూడా జరిగేవట. ఇప్పుడు టి.నగర్ బజారులో చీరలకోసం జనం తోసుకునే చోట పడవ పందేలంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు.

ఇది ఒంటరి చెరువు కాదు. పాత చెంగల్పట్టు జిల్లాను చెరువుల జిల్లా అనేవారు. తమిళంలో ఏరి అంటారు, మనం చెరువు అంటాం, పని ఒకటే. పడమట ఎత్తు, తూర్పున సముద్రం. వాన నీరు తూర్పుకు పారుతుంటే దారిలో కట్ట వేసి ఆపేవారు. కింద పొలాలకు తూము, నిండితే పొర్లడానికి అలుగు. ఒక చెరువు అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు పోతుంది. అలా గొలుసుకట్టుగా నిండుకుంటూ చివరికి నదిలోకో సముద్రంలోకో పోయేది. వానంతా ఒక్క రాత్రిలో నదిమీద పడకుండా చెరువులు ఆపి ఆపి వదిలేవి. చెరువు పొలానికి మాత్రమే అని మనం అనుకుంటాం గానీ, వరదకు కూడా అదే కట్టుబాటు.

1920లో మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం వచ్చింది. 1921 జనాభా లెక్కల నాటికే మద్రాసులో 5 లక్షలకు పైగా జనం. ఇళ్ళు చాలలేదు. చెరువు కింద సాగు అవసరం తగ్గింది, ఇంటి స్థలాల అవసరం పెరిగింది. 1923లో చెరువుకు గండి కొట్టి నీరు వదిలేసి, ఆ ప్రాంతంలో కొత్త పేట వేయడం మొదలుపెట్టారు. అదే త్యాగరాయ నగర్, మన టి.నగర్.

ఇక్కడ మన తెలుగువాళ్ళ సంగతి వస్తుంది. పేటకు పేరు పెట్టింది సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారి మీద. ఆయన తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టారు. జస్టిస్ పార్టీ పెద్దల్లో ఒకరు, మద్రాసు కార్పొరేషన్‌కు అధ్యక్షులుగా చేశారు. నడిబొడ్డున ఉన్న పనగల్ పార్కు పేరు పానగల్లు రాజావారిది. ఆయన అసలు పేరు పానగంటి రామారాయణింగారు, కాళహస్తిలో పుట్టారు, 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి. చెరువు ఎండగట్టింది ఆయన ప్రభుత్వ కాలంలోనే. జి.ఎన్. చెట్టి రోడ్డు పేరు కూడా ఒక తెలుగు పెద్దాయనదే. మా క్లాసులో ఈ సంగతి చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. తరవాత నేను చెరువు పూడ్చిన మాట చదివితే ఒక అబ్బాయి లేచి, “మనవాళ్ళను మనమే తప్పు పట్టడమా?” అన్నాడు.

అది మంచి ప్రశ్న అనే నేను అనుకుంటున్నాను. త్యాగరాయ చెట్టిగారి మీద నాకున్న గౌరవం ఏమీ తగ్గలేదు. ఆ రోజు ఇల్లు లేని జనం కళ్ళముందు ఉన్నారు, మునిగే జనం ఇంకా పుట్టలేదు. కానీ అదే కాలంలో హైదరాబాదులో జరిగింది చూస్తే ఆలోచన వస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది చనిపోయారు. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఊరికి పైన నీటిని ఆపాలి అన్నది ఆయన సలహా. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఆ రెండు జలాశయాల మధ్య ఏడేళ్ళలోనే ఇక్కడ ఉన్న చెరువు పోయింది. ఒక ఊరు వరద దెబ్బ తిని చెరువు కట్టుకుంది, ఇంకో ఊరు దెబ్బ తినకముందు చెరువు తీసేసింది. కాబట్టి ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు అని పూర్తిగా అనలేం.

నుంగంబాక్కం వైపు మిగిలిన భాగం కూడా మెల్లగా ఇళ్ళయింది. చివరి ముక్క మీద వళ్ళువర్ కోట్టం కట్టి 1976లో తెరిచారు. చెరువు నీరు పోవడానికి మిగిలింది మాంబళం కాలువ ఒక్కటే. అది టి.నగర్ మీదుగా నందనం దాటి అడయారు నదిలో కలుస్తుంది. పక్కన నడిస్తే చాలామంది దాన్ని మురికి కాలువే అనుకుంటారు.

మా అవ్వ ఈ కథ విని, “నీరు పల్లమెరుగు అని ఊరికే అన్నారా నాయనా” అంది. మా తాత నెల్లూరు నుంచి వచ్చి వడపళని స్టూడియోలో వడ్రంగం చేసేవారు, ఆయన కట్టిన ఇంట్లోనే మేం ఉన్నాం. అప్పట్లో గుమ్మం ముందు మూడు మెట్లుండేవట. ఇప్పుడు ఒకటే ఉంది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది గీకకుండా దానిమీదే ఇంకో పొర వేసుకుంటూ పోయారు. రోడ్డు లేచింది, ఇల్లు దిగింది. 2015 డిసెంబరు 1న వాన పడినప్పుడు నుంగంబాక్కంలో ఒక్క రోజులో 29 సెంటీమీటర్లు, తాంబరంలో 49 సెంటీమీటర్లు లెక్క తేలింది. చెంబరంబాక్కం నుంచి సెకనుకు 29,000 ఘనపుటడుగుల నీరు వదిలారు. అడయారు నిండిపోయాక కాలువ నీరు ఎక్కడికి పోతుంది? వెనక్కి తన్నింది. నాకు అప్పుడు నాలుగేళ్ళు. బియ్యం డ్రమ్ము తేలడం, అవ్వ నన్ను మంచం మీద నిలబెట్టి పట్టుకోవడం, అంతే గుర్తుంది. మా తాత తెలుగు పుస్తకాల పెట్టె ఆ నీళ్ళలోనే పోయింది. అవ్వ ఇప్పటికీ దాని మాట వస్తే మాట మారుస్తుంది.

2021 నవంబరు 6 రాత్రి మళ్ళీ 20 సెంటీమీటర్లకు పైనే పడింది. ఈసారి నది పొంగలేదు, అయినా టి.నగర్ వీధులు మునిగాయి. తరవాత ప్రభుత్వం తిరుప్పుగళ్ అనే విశ్రాంత అధికారి నాయకత్వంలో కమిటీ వేసింది, కొత్త వాననీటి కాలువలు వేశారు. మరుసటి ఏడు మా వీధిలో నీరు తొందరగా దిగింది, అది చూశాను కాబట్టి కాలువలు దండగ అని నేను అనను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చేసరికి మాత్రం నగరం మళ్ళీ మునిగింది. కాలువ నీటిని తీసుకుపోతుంది గానీ దాచుకోదు. నది నిండినా, సముద్రంలో పోటు ఉన్నా కాలువ మూతపడ్డట్టే. అప్పుడు నీరు నిలవడానికి చోటు కావాలి. ఆ చోటునే మనం 1923లో అమ్మేసుకున్నాం.

నేను ఒక లెక్క వేశాను. చెన్నైలో స్థలం గ్రౌండు లెక్కన కొంటారు, గ్రౌండు అంటే 2,400 చదరపు అడుగులు. 20 సెంటీమీటర్ల వాన పడితే ఒక్క గ్రౌండు మీద దాదాపు 44,600 లీటర్ల నీరు పడుతుంది. 12,000 లీటర్ల ట్యాంకర్ లారీలు నాలుగు కావాలి. 2019 ఎండాకాలంలో జలాశయాలు ఎండిపోయి, అవే లారీలకోసం మా వీధంతా బిందెలు పట్టుకుని నిలబడింది. ఆ లెక్క చూసి మా నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

2003లో తమిళనాడులో ప్రతి కట్టడానికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేశారు. చట్టం మంచిదే. మా ఎదురు అపార్ట్‌మెంటులో ఇంకుడు గుంత ఉంది, దానిమీద నాలుగు బైకులు ఉంటాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. బంకమట్టి నేలలో పైపై గుంతలోకి నీరు ఇంకదు. ఇసుక పొర తగిలేదాకా లోతుగా బోరు లాగా దింపాలి. ఎవరి ఇంట్లో ఎలాంటి మట్టి ఉందో చూడకుండా అందరికీ ఒకే గుంత అంటే పని జరగదు.

నాకు అన్నిటికంటే నచ్చింది మా ఇంటికి దగ్గరలోనే ఉంది. 2024లో గిండి రేసుకోర్సు స్థలంలో వాననీరు నిలపడానికి పెద్ద పెద్ద గుంటలు తవ్వారు. లాంగ్ ట్యాంక్ ఎండగట్టిన నూరేళ్ళకు మళ్ళీ చెరువు తవ్వుతున్నాం అన్నమాట. టి.నగర్‌లో ఇళ్ళు పడగొట్టి చెరువు తేలేం, తేవాలని అడగడం కూడా న్యాయం కాదు. కానీ పార్కులు ఉన్నాయి, బడి మైదానాలు ఉన్నాయి. వాటిని రోడ్డుకంటే ఒక అడుగు కిందకు దింపితే రెండు రోజులు నీటిని పట్టి ఉంచుతాయి. కార్పొరేషన్ కొన్ని చోట్ల స్పాంజ్ పార్కులని ఇలాంటివే చేసింది. పళ్ళికరణై చిత్తడి నేలలాంటి మిగిలిన పల్లాలమీద ఇంక కట్టనివ్వకూడదు. దానికి 2022లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది గానీ, చుట్టూ ఇప్పటికే చాలా కట్టేశారు. రోడ్డు మళ్ళీ వేసేటప్పుడు పాతది గీకి వేయమని వీధివాళ్ళందరం సంతకాలు పెట్టి కౌన్సిలర్ ఆఫీసులో ఇచ్చాం. ఇంకా జవాబు రాలేదు.

మన బడి మైదానం మాటా అనుకున్నాం. టీచర్ హెడ్మాస్టరుగారిని అడిగారు. ఆడుకునే చోటు పోతుందని కొందరు తల్లిదండ్రులు అన్నారట, నవంబరులో ఎలాగూ బురదలో ఎవరూ ఆడరని మేం చెప్పాం. వచ్చే సమావేశంలో మళ్ళీ మాట్లాడతామన్నారు.

మా ప్రాజెక్టుకు ఒక పని మిగిలింది. చెరువు కట్ట ఏ వీధి మీదుగా పోయేదో పాత పటం మీద గీస్తున్నాం. మీ ఇళ్ళలో తాతల నాటి ఇంటి దస్తావేజులు ఉంటే, హద్దుల దగ్గర “ఏరి” అనో “చెరువు కట్ట” అనో రాసి ఉందేమో చూడండి. ఉంటే ఒక జిరాక్స్ తొమ్మిదో తరగతి గదిలో ఇవ్వండి, అసలు కాగితం వద్దు.