స్కర్టింగ్ రంపాలు

స్కర్టింగ్ రంపాలు అంటే గోడ నేలను కలిసేచోట బిగించే పట్టీని కొలతకు, మూలకు కోసే పనిముట్లు. గోడ అడుగును తడిగుడ్డ నీటి నుంచి, చీపురు రాపిడి నుంచి కాపాడే ఈ పట్టీ ఎత్తు భారతదేశంలో సాధారణంగా 75 నుంచి 150 మి.మీ. ఉంటుంది.

ఏ రంపమన్నది పట్టీ దేనితో చేసిందో దాన్నిబట్టి ఉంటుంది. పుదుచ్చేరి వంటి తీరపట్టణాల్లో చెదలు, ఉప్పుగాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవన వర్షాల తేమ కలపను దెబ్బతీస్తాయి. అందుకే టైలు, గ్రానైటు పట్టీల వాడకం ఎక్కువ. వీటికి పళ్ల రంపం పనికిరాదు, 110 మి.మీ. వజ్రపు బిళ్ల ఉన్న మార్బుల్ కట్టర్ వాడతారు. నీళ్లు పోస్తూ కోస్తే బిళ్ల వేడెక్కదు, ఊపిరితిత్తులకు హాని చేసే సిలికా ధూళి అంతగా లేవదు. అయితే కరెంటు పనిముట్టుపై నీళ్లు పడటం ప్రమాదం కనుక లీకేజీ రక్షణ స్విచ్ అవసరం.

కలప, ఎండీఎఫ్ (కలపనారను అదిమి చేసిన పలక) పట్టీలకు సన్నపళ్ల చేతిరంపం, లేదా కోణం తిప్పుకునే మైటర్ రంపం సరిపోతుంది. బయటి మూలకు రెండు ముక్కలనూ 45 డిగ్రీల వాలుతో కోసి కలుపుతారు. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న పుదుచ్చేరిలోని పాత సున్నపు గార ఇళ్లలో మూల సరిగ్గా 90 డిగ్రీలు రాకపోవచ్చు. 92 డిగ్రీలుంటే ఒక్కో ముక్కకు మైటర్ రంపాన్ని తిన్నని కోత నుంచి 44 డిగ్రీలు తిప్పాలి. లోపలి మూలలో ఒక పట్టీని గోడదాకా తిన్నగా ఆనించి, రెండోదాని చివరను మొదటిదాని అంచు ఆకారానికి సన్నని కోపింగ్ రంపంతో చెక్కుతారు. కలప ఎండి ముడుచుకున్నా ఈ అతుకులో సందు అంతగా కనిపించదు.