ట్రిపుల్‌ఐటీ సీటు: పాత గ్రేడుతో అంచనా తగదు

విశాఖపట్నం: పదో తరగతి ఫలితాలు వెలువడగానే గాజువాక, ఉక్కునగరం ఇళ్లలో ట్రిపుల్‌ఐటీ సీటుపై లెక్కలు మొదలవుతాయి. అన్నలు, అక్కల కాలపు గ్రేడు సగటుతో నేటి మార్కులను పోల్చి ఆశ పెంచుకోవడం గానీ, వదులుకోవడం గానీ సరికాదు.

2008లో ఏర్పడిన ఆర్జీయూకేటీ తన ట్రిపుల్‌ఐటీలలోని ఆరేళ్ల సమీకృత బీటెక్‌ ప్రవేశాలకు పదో తరగతి ప్రతిభనే ప్రాతిపదికగా తీసుకుంది. కొవిడ్‌ కారణంగా 2020, 2021లలో మాత్రం ప్రవేశపరీక్ష నిర్వహించారు.

2012 ఫలితాల నుంచి మార్కులకు బదులు గ్రేడ్లు ఇచ్చారు. ఒక శ్రేణిలోని మార్కులన్నింటికీ ఒకే పాయింటు దక్కేది. పదికి పది సాధించినవారు అనేకులు సమానులు కాగా, వయసులో పెద్దవారికి ప్రాధాన్యం లభించేది. ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు వెనుకబాటు కింద 0.4 పాయింట్లు కలిపేవారు. అందువల్ల 9.7 తెచ్చుకున్న జిల్లా పరిషత్‌ పాఠశాల విద్యార్థి 10.1తో, ప్రైవేటు పాఠశాలలో 10 సాధించినవారి కంటే ముందు నిలిచేవాడు.

2022లో 600 మార్కుల విధానం తిరిగి వచ్చింది. అదనపు పాయింట్ల స్థానంలో 4 శాతం కలుపుతున్నారు. ఇప్పుడు ఒక్క మార్కు తేడాతోనూ వరుస మారుతుంది.

కనుక గత ఏడాది చివరి సీటు ఎన్ని మార్కులకు దక్కిందో రిజర్వేషన్‌, పాఠశాల తరహాల వారీగా పరిశీలించాకే అంచనాకు రావాలి. పాత సగటు చూసి దరఖాస్తు మానుకోరాదు.