ఆన్‌లైన్ పేమెంట్‌కి తాళం వేసేదెవరు? ఎన్‌క్రిప్షన్‌పై రూల్స్ ఇవే

సూర్యాపేటలో టీ కొట్టు, కోదాడలో బట్టల షాపు, మిర్యాలగూడలో బియ్యం దుకాణం.. ఎక్కడ చూసినా క్యూఆర్ కోడే. స్కాన్ చేస్తాం, పిన్ కొడతాం, డబ్బులు వెళ్లిపోతాయి. మరి ఆ పిన్‌ని మధ్యలో ఎవరూ చదవకుండా ఆపేదేంటి? అదే ఎన్‌క్రిప్షన్. అంటే సమాచారాన్ని తాళం చెవి ఉన్నవాళ్లకు తప్ప ఇంకెవరికీ అర్థం కాకుండా మార్చేయడం. యూపీఐలో మీ పిన్ ఫోన్‌లోనే ఇలా మారిపోయి బయటికి వెళ్తుంది. షాపు ఓనర్‌కి కనిపించదు.

చట్టంలో ఏముంది?

ఐటీ చట్టం-2000కి 2008లో సవరణ చేసి 84ఏ సెక్షన్ చేర్చారు. 2009 అక్టోబర్ 27న అమల్లోకి వచ్చింది. ఈ-కామర్స్, ఈ-గవర్నెన్స్ కోసం ఎలాంటి ఎన్‌క్రిప్షన్ వాడాలో కేంద్రం నిర్ణయించొచ్చని ఇందులో ఉంది. విచిత్రం ఏంటంటే, దీని కింద జాతీయ పాలసీ మాత్రం ఇంకా రాలేదు. అదే చట్టంలోని 69వ సెక్షన్ ప్రకారం దేశ భద్రత లాంటి కారణాలతో ప్రభుత్వం ఆదేశిస్తే సమాచారాన్ని విప్పి ఇవ్వాలి. సహకరించకపోతే 7 ఏళ్ల వరకు జైలు!

2015లో ఏం జరిగింది?

2015 సెప్టెంబర్‌లో కేంద్రం ఒక డ్రాఫ్ట్ పాలసీ పెట్టింది. ఎన్‌క్రిప్ట్ చేసి పంపిన సమాచారం అసలు కాపీని జనం కూడా 90 రోజులు దాచాలని, పోలీసులు అడిగితే చూపించాలని అందులో ఉంది. సోషల్ మీడియా భగ్గుమంది. వాట్సాప్ లాంటి యాప్‌లకు, బ్యాంకింగ్, ఈ-కామర్స్ సైట్లలో వాడే ఎన్‌క్రిప్షన్‌కు ఇది వర్తించదని వివరణ ఇచ్చారు. అయినా గొడవ ఆగలేదు. సెప్టెంబర్ 22న అప్పటి ఐటీ మంత్రి రవిశంకర్ ప్రసాద్ డ్రాఫ్ట్‌ను వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. నిజానికి అసలు కాపీ ఫోన్‌లోనే పడి ఉంటే దొంగకి తాళం పగలగొట్టే పనేముంది?

మరి మన డబ్బుకి కాపలా ఎవరు?

ఎక్కువగా ఆర్‌బీఐ రూల్సే. ఇంటర్నెట్ బ్యాంకింగ్‌కి కనీసం 128 బిట్ ఎన్‌క్రిప్షన్ ఉండాలని 2001లోనే చెప్పింది. 2022 అక్టోబర్ 1 నుంచి షాపింగ్ సైట్లు మీ కార్డు నంబర్ దాచుకోకూడదు, దాని బదులు టోకెన్ వాడాలి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం-2023 కూడా ఉంది. డేటా భద్రతలో ఫెయిలైన కంపెనీకి 250 కోట్ల రూపాయల వరకు ఫైన్ పడొచ్చు. 2025 నవంబర్‌లో వచ్చిన దీని రూల్స్‌లో ఎన్‌క్రిప్షన్ పేరు నేరుగానే రాశారు. కాకపోతే ఈ భాగం అమలుకు 18 నెలల టైమ్ ఇచ్చారు.

తాళం గుర్తు ఉంటే సేఫేనా?

కాదు. ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. బ్రౌజర్‌లో తాళం గుర్తు, హెచ్‌టీటీపీఎస్ ఉన్నాయంటే మధ్యలో ఎవరూ చదవలేరనే అర్థం. అవతలివాడు మంచోడని కాదు. ఫేక్ షాపింగ్ సైట్‌కి కూడా ఆ తాళం ఈజీగా దొరుకుతుంది. మీరే ఓటీపీ చెప్పేస్తే ఏ ఎన్‌క్రిప్షనూ ఆపలేదు. డబ్బులు రావడానికి పిన్ అక్కర్లేదు, అడిగారంటే డౌట్ పడాల్సిందే. డబ్బు పోయిందా? లేట్ చేయకుండా 1930కి కాల్ చేయండి.