పన్నెండు సార్లు ఎగిరిన ఇంజను

2022 నవంబరు 16వ తేదీ అర్ధరాత్రి దాటాక, ఫ్లోరిడా తీరం నుంచి నాసా వారి ఎస్.ఎల్.ఎస్. అనే భారీ రాకెట్టు చంద్రుని దిక్కుగా లేచింది. దాని అడుగున నాలుగు పెద్ద ఇంజన్లున్నాయి. వాటిలో ఒకదాని క్రమసంఖ్య 2045. ఆ ఇంజను అంతకు మునుపే స్పేస్ షటిల్‌కు అమరి పన్నెండు సార్లు కక్ష్యకు వెళ్ళింది, పన్నెండు సార్లూ క్షేమంగా ఇల్లు చేరింది. 1998లో డెబ్బయ్యేడేళ్ళ జాన్ గ్లెన్ రెండవమారు రోదసికి వెళ్ళినప్పుడు ఆయనను మోసినవాటిలో అదీ ఒకటి. 2011 జూలైలో షటిల్ చిట్టచివరి యాత్రలోనూ అది ఉంది. పదమూడవసారి మాత్రం తిరిగి రాలేదు. ఎనిమిది నిమిషాలు మండి, తాను బిగించి ఉన్న దశతో సహా సముద్రం పాలయింది. అది ప్రమాదం కాదు, ప్రణాళికే అది.

ఆ రాకెట్టు లేచేనాటికి స్పేస్‌ఎక్స్ అనే ప్రైవేటు సంస్థ తన ఫాల్కన్ 9 రాకెట్ల మొదటి దశను నిలువునా నేలమీదికి దింపడం మొదలుపెట్టి దాదాపు ఏడేళ్ళు. కనుక ఈ రెండు దృశ్యాలనూ పక్కపక్కన పెట్టి, సర్కారు వారిది దుబారా, ప్రైవేటు వారిది తెలివి అని తేల్చేయడం పరిపాటి అయింది. ఈ తీర్పు నాకు మింగుడు పడదు. ఎందుకంటే వాడిన రాకెట్టునే మళ్ళీ వాడాలనే కలను ముందుగా కన్నదీ, దానికి ముందుగా డబ్బు పోసిందీ సర్కారే. ఆ కల అక్కడ ఎందుకు చెడిందో చూస్తే కథ మరో దారిన నడుస్తుంది.

1972 జనవరి 5న అధ్యక్షుడు నిక్సన్ షటిల్ నిర్మాణానికి ఆమోదం ప్రకటించాడు. నాసా ఇంజనీర్లు మొదట గీసుకున్న బొమ్మలో రెండు రెక్కల వాహనాలుండేవి. పెద్దది చిన్నదాన్ని పైకి మోసుకువెళ్ళి తాను వెనుదిరుగుతుంది, చిన్నది కక్ష్యకు వెళ్ళి వస్తుంది. పారవేయవలసింది ఏమీ లేదు. అది తయారుచేయడానికి వేయి కోట్ల డాలర్ల వరకూ కావాలి. బడ్జెట్ కార్యాలయం అందులో సుమారు సగం, 515 కోట్ల దగ్గర గీత గీసింది. ఆ సగంలో ఇమడ్చడానికి, కక్ష్యకు వెళ్ళే వాహనాన్ని మాత్రం మిగుల్చుకుని, ఇంధనాన్ని పారవేసే ట్యాంకులోకి మార్చి, పక్కన రెండు ఘన ఇంధన బూస్టర్లు కట్టారు. సైన్యం తన ఉపగ్రహాల కోసం పెద్ద అర కావాలన్నది, వెడల్పాటి రెక్కలు కావాలన్నది. అవీ చేరాయి. కట్టేటప్పుడు ఆదా చేసిన సొమ్మును నడిపేటప్పుడు, ముప్ఫై యేళ్ళపాటు, వడ్డీతో సహా కట్టారనుకోవచ్చు.

లెక్కలు వేసినవారేమీ సామాన్యులు కారు. క్రీడా సిద్ధాంతానికి మూలపురుషులలో ఒకడైన ఆస్కర్ మోర్గెన్‌స్టెర్న్ సహకర్తగా వెలువడిన అధ్యయనం ఒకటి, 1978 నుంచి 1990 లోపల ఐదు వందలకు పైగా యాత్రలుంటాయన్న ఊహ మీద షటిల్ లాభసాటి అని తేల్చింది. జరిగిందేమిటి? 1981 నుంచి 2011 దాకా మొత్తం 135 యాత్రలు. అన్నిటికన్నా ముమ్మరంగా ఎగిరిన 1985లో తొమ్మిది. దిగిన ప్రతిసారీ ఇంజన్లు విప్పి పరీక్షించాలి, ఒంటికి అంటించిన వేలాది పెంకులను ఒక్కొక్కటిగా చూసుకోవాలి. ఏడాదికి నాలుగైదు ట్రిప్పులు వేసే బస్సు ఉందనుకోండి. డ్రైవరుకూ, మెకానిక్కుకూ, షెడ్డుకూ పన్నెండు నెలలూ కట్టవలసిందే. ఆ బస్సు టిక్కెట్టు ధర ఎంత ఉంటుందో షటిల్ యాత్ర ధర అలాగే ఉండేది. మళ్ళీ వాడగలగడం ఒక్కటే చాలదు, మళ్ళీమళ్ళీ వాడేటంత పని ఉండాలి.

ధర డాలర్లలోనే లేదు. 1986 జనవరిలో ఛాలెంజర్, 2003 ఫిబ్రవరి 1న కొలంబియా, రెండింటిలో కలిపి పద్నాలుగు మంది పోయారు. కొలంబియాలో కల్పనా చావ్లా ఉన్నది. ఆమెను మోసిన వాహనం రెక్కకు గండి కొట్టింది ఆ పారవేసే ట్యాంకు మీదనుంచి ఊడిపడిన నురగ ముక్క.

మధ్యలో ఒక చిన్న ముచ్చట ఉంది. దీన్ని ఎక్కువమంది తలచుకోరు గనుక కాస్త నిలిచి చెబుతాను. 1993 ఆగస్టులో న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ ఎడారిలో, డీసీ-ఎక్స్ అనే పన్నెండు మీటర్ల వాహనం నిట్టనిలువుగా లేచి, గాలిలో నిలిచి, పక్కకు జరిగి, నిట్టనిలువుగానే దిగింది. మెక్‌డోనెల్ డగ్లస్ కట్టింది, డబ్బు రక్షణ శాఖది. నేలమీద కూర్చుని ఆ ప్రయోగాలు నడిపించినవాడు పీట్ కాన్రాడ్, చంద్రుని మీద నడిచిన మూడవ మనిషి. తరువాత అది నాసా చేతికి వచ్చింది. 1996 జూన్‌లో ఒకసారి ఎగిరి దిగిన ఇరవయ్యారు గంటలకే మళ్ళీ ఎగిరింది. ఆ జూలై 31న, పన్నెండవ యాత్రలో, ఒక కాలు తెరుచుకోలేదు. బిగించవలసిన గొట్టమొకటి బిగించలేదట. వాహనం దిగి, ఒరిగి, పేలి కాలిపోయింది. రెండవది లేదు. మళ్ళీ కట్టలేదు. సర్కారు దృష్టి అప్పటికే ఎక్స్-33 అనే మరింత ఆడంబరమైన నమూనా మీదికి మళ్ళింది. దాని హైడ్రోజన్ ట్యాంకు పరీక్షలోనే చీలిపోయి, ఒక్కసారైనా ఎగరకుండానే 2001లో రద్దయింది.

ఒక్క కాలు తెరుచుకోకపోతే మొత్తం పథకం ముగిసిపోయింది! నాకు ఈ చరిత్రకంతటికీ కీలకం ఇక్కడే ఉన్నట్టు తోస్తుంది. మళ్ళీ వాడే రాకెట్టును నేర్చుకోవాలంటే పడగొట్టుకోవాలి, చాలాసార్లు పడగొట్టుకోవాలి. ఆ పడిపోవడానికి ఎవరు డబ్బిస్తారు?

2002లో ఎలాన్ మస్క్ స్థాపించిన స్పేస్‌ఎక్స్ తన చిన్న రాకెట్టు ఫాల్కన్ 1ని పసిఫిక్ మధ్య ఒమెలెక్ దీవి నుంచి మూడుసార్లు వదిలితే మూడుసార్లూ విఫలమయింది. 2008 సెప్టెంబరు 28న నాలుగవది కక్ష్య చేరింది. చేతిలో డబ్బు అయిపోవచ్చిన ఆ సంస్థకు అదే డిసెంబరులో నాసా, అంతరిక్ష కేంద్రానికి పన్నెండు విడతల సరుకు చేరవేసేందుకు 160 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. ప్రైవేటు రాకెట్టు అంటున్నామే, దాని ఉగ్గుగిన్నె సర్కారుదే. అయితే ఆ ఒప్పందం తీరు వేరు. పాత పద్ధతి మేస్త్రీకి ఇల్లప్పగించి, అయినంత ఖర్చూ ఇచ్చి, పైన లాభమూ ఇస్తాననడం వంటిది. ఆలస్యమయ్యేకొద్దీ మేస్త్రీకి నష్టమేమీ లేదు. కొత్తది గుత్త పద్ధతి. సరుకు చేరిస్తే ఇంత, మిగిలితే నీది, మిగలకపోతే నీ ఖర్మ. ఫాల్కన్ 9ను పాత పద్ధతిలో చేయించి ఉంటే దాదాపు 400 కోట్ల డాలర్లు అయ్యేదని 2011లో నాసా తానే అంచనా కట్టింది. సంస్థ చూపిన ఖర్చు సుమారు 30 కోట్లు.

ఇక పడిపోవడం సంగతి. సరుకు పై దశతో వెళ్ళిపోయాక, కింది దశ ఎలాగూ సముద్రంలో పడేదే. యాత్రకు డబ్బు ముట్టింది, నాసా పని అయిపోయింది. ఆ చచ్చిన గుర్రం మీద సంస్థ స్వారీ నేర్చుకుంది. ట్యాంకులో కాస్త ఇంధనం మిగుల్చుకుని, ఊర్ధ్వలోకం నుంచి తలకిందులుగా తిరిగి, ఇంజను మండించి వేగం తగ్గించుకుంటూ నీటిమీది బల్లకట్టు ఓడపై దిగడానికి ప్రయత్నించింది. 2015 జనవరిలో, ఏప్రిల్‌లో నాసా సరుకు తీసుకెళ్ళిన యాత్రలలోనే ఆ ప్రయత్నాలు చేసి రెండుసార్లూ ఓడ మీద పేల్చుకుంది. ఎవరూ శాసనసభకు సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం రాలేదు. ఆ జూన్‌లో సరుకుతో సహా రాకెట్టే పేలిపోయినా ఒప్పందం నిలిచింది. డిసెంబరు 21న ఫ్లోరిడా నేలమీద మొదటి దశ నిలబడింది. 2017 మార్చిలో ఒకసారి వాడిన దశ రెండవసారి ఎగిరింది. డీసీ-ఎక్స్‌కు దొరకనిది ఫాల్కన్‌కు దొరికింది ఇదే: ఇతరులు ఛార్జీ కట్టిన బండిలో కిందపడే వెసులుబాటు.

ఎస్.ఎల్.ఎస్. దీనికి సరిగ్గా ఎదురుదిక్కున పుట్టింది. 2010లో అమెరికా శాసనసభ ఒక చట్టం చేసి, షటిల్ ఆగిపోతున్నది గనుక దాని సామగ్రినీ, నిపుణులనూ, ఉన్న కాంట్రాక్టులనూ వీలైనంత వాడుకుంటూ పెద్ద రాకెట్టు కట్టమన్నది. 2016 చివరికి సిద్ధం కావాలన్నది. తమ రాష్ట్రాలలో కర్మాగారాలు మూతపడకుండా చూసుకోవడం సెనేటర్ల పని, దాన్ని నేను తప్పుపట్టను. కానీ రాకెట్టు అవసరాన్నిబట్టి కాక కర్మాగారాన్నిబట్టి తయారయింది. షటిల్ ఇంజన్లు ఉన్నాయి గనుక అవే బిగించారు, దింపే ఏర్పాటు లేదు గనుక పారవేశారు. మిగిలిన పాతవి పదహారే కనుక, 2020లో మరో పద్దెనిమిది కొత్త ఇంజన్లకు 179 కోట్ల డాలర్లిచ్చారు. ఒక్కొక్కటి సుమారు పది కోట్లు! మొదటి నాలుగు యాత్రలకు, పైనున్న నౌకతోనూ ప్రయోగ ఏర్పాట్లతోనూ కలిపి, ఒక్కొక్కదానికి 410 కోట్ల డాలర్లవుతుందని 2022లో నాసా తనిఖీ అధికారే శాసనసభకు చెప్పాడు. అందులో రాకెట్టు వాటా 220 కోట్లు.

బృహస్పతి ఉపగ్రహం యూరోపాకు పంపే క్లిప్పర్ నౌకను కూడా ఎస్.ఎల్.ఎస్. మీదనే పంపాలని కొన్నేళ్ళు చట్టమే ఉండేది. తరువాత సడలించారు. 2021లో ఫాల్కన్ హెవీతో 17.8 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరి, 2024 అక్టోబరు 14న ఎగిరింది. ప్రైవేటు భక్తులు చెప్పని సంగతి ఒకటుంది. బరువు ఎక్కువ గనుక ఆనాడు ఫాల్కన్ హెవీ మూడు మొదటి దశలనూ పారవేసింది, ఒక్కటీ దిగలేదు. పైగా ఎస్.ఎల్.ఎస్. అయితే మూడేళ్ళలోపు తిన్నగా చేర్చేది. ఇప్పుడు అంగారకుణ్ణీ భూమినీ చుట్టుకుంటూ ఐదున్నరేళ్ళు, 2030 ఏప్రిల్ దాకా పోవాలి. పెద్ద రాకెట్టుకు పెద్దరికం ఉన్నమాట నిజమే, దాని ధరే మోయలేనిది.

పడిపోయే స్వేచ్ఛ కూడా ఉచితం కాదు. 2025 జనవరిలో స్పేస్‌ఎక్స్ వారి స్టార్‌షిప్ పై దశ ఆకాశంలో ముక్కలైనప్పుడు టర్క్స్, కైకోస్ దీవుల మీదుగా శకలాలు రాలాయి, విమానాలు దారి మళ్ళాయి. ఆ ఛార్జీ కట్టింది ఆ టిక్కెట్టు కొననివారు. అదే ఏడాది జూన్‌లో అధ్యక్షుడితో మాటామాటా పెరిగి, వ్యోమగాములను మోసే డ్రాగన్ నౌకను విరమిస్తానని మస్క్ ఒక పూట ప్రకటించి, ఆ పూటే వెనక్కి తీసుకున్నాడు. సెనేటర్ల బేరసారాలు తప్పించుకోబోయి ఒక మనిషి కోపతాపాల కింద తలదాచుకోవడం ఏపాటి మేలో నాకు తెలియడం లేదు.

మన సంగతికొస్తే, 4,700 కిలోల జీశాట్-ఎన్2 ఉపగ్రహం మన ఎల్.వి.ఎం.3కి బరువు కావడంతో 2024 నవంబరులో ఫాల్కన్ 9 మీదనే వెళ్ళింది. అంతకు రెండు నెలల ముందు, కొత్త తరం రాకెట్టుకు కేంద్ర మంత్రివర్గం 8,240 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. తక్కువ ఎత్తు కక్ష్యకు ముప్ఫై టన్నులు మోయాలి, మొదటి దశ తిరిగి రావాలి. దానికోసం శ్రీహరికోటలో మూడవ ప్రయోగవేదికను 2025 జనవరిలో ఆమోదించారు. గడువు ఎనిమిదేళ్ళు. ఆ డబ్బులో లెక్కించిన అభివృద్ధి ప్రయోగాలు మూడు. ఫాల్కన్ 9 మొదటి దశ మొదటిసారి నేలమీద నిలబడింది తన ఇరవయ్యవ ప్రయోగంలో.