నానోరంధ్ర లోహ సంవేదకాలు

నానోమీటర్లలో, అనగా మీటరులో వందకోట్లవ వంతులలో, కొలిచే సూక్ష్మరంధ్రాలు స్పంజిలో వలె లోపలంతా వ్యాపించిన లోహంతో గాలిలోని హానికర రసాయన ఆవిరులను పసిగట్టే సాధనాలివి. బంగారం, వెండి కలిసిన మిశ్రమలోహాన్ని నత్రికామ్లంలో ఉంచినప్పుడు వెండి కరిగిపోయి, మిగిలిన బంగారు పరమాణువులు సన్నని జాలకంగా అమరుతాయి. ఈ జాలకపు ఉపరితల వైశాల్యం చాలా ఎక్కువ కనుక, ఆవిరి అణువులు దానికి అంటుకొన్నప్పుడు, అనగా అధిశోషణం జరిగినప్పుడు, విద్యున్నిరోధం మారుతుంది. ఆ మార్పే ఆవిరి ఉనికిని తెలుపుతుంది. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిన దుర్ఘటన ముందస్తు హెచ్చరిక ఆవశ్యకతను చాటింది. పత్తి విత్తనోత్పత్తికి పేరొందిన గద్వాల వంటి ప్రాంతాలలో పురుగుమందుల ఆవిరిని గుర్తించడానికీ ఈ సూత్రం వర్తిస్తుంది. అయితే ఈ సంవేదకాలు ప్రధానంగా పరిశోధన దశలోనే ఉన్నాయి.