సరుకు బండికి నక్షత్రాలు ఉండవు



ఈ మధ్య మన సంఘంలో ఒక ప్రశ్న తిరుగుతోంది. కేటరింగు, పందిరి సామాను, నీళ్ళ క్యాన్ల వ్యాపారాలు చేసుకునే మనవాళ్ళు కొందరు డీజిలు బండి తీసేసి కరెంటు పికప్ కొనాలని చూస్తున్నారు. వారం పొడుగునా సరుకు, సెలవు రోజు వస్తే పిల్లాపాపలతో తిరుత్తణో తిరుపతో. ఒక్క బండితో రెండు పనులూ అయిపోతాయని లెక్క. ఇంట్లో ఆడవాళ్ళు మాత్రం అడగవలసిన మాటే అడుగుతున్నారు: "ఎక్కడైనా గుద్దుకుంటే లోపలున్నవాళ్ళ గతి ఏంటి?"

దీనికి జవాబు చెప్పాలంటే కొంచెం చరిత్ర కావాలి. ఆ చరిత్రలో చాలా భాగం మన చెన్నై పొలిమేరల్లోనే జరిగింది. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాం, ఓపిక పట్టండి.

మాకు తెలిసిన రైలుతోనే మొదలుపెడతాం. పెరంబూరులో ఐసీఎఫ్ 1955లో మొదలైంది. స్విట్జర్లాండు కంపెనీ సాంకేతిక సాయంతో అక్కడ ఉక్కు పెట్టెలు కట్టారు. పాత కర్ర పెట్టెలు ఢీకొంటే ఒకదాని లోపలికి ఒకటి దూసుకుపోయేవి. ఉక్కు పెట్టె దానికన్నా ఎంతో మేలు. అయినా పెద్ద ప్రమాదం జరిగితే ఈ పెట్టెలు కూడా ఒకదాని మీద ఒకటి ఎక్కిన సందర్భాలు ఉన్నాయి. తరువాత జర్మనీ నుంచి ఎల్‌హెచ్‌బీ పెట్టెలు వచ్చాయి. వాటిని కలిపే నడిమి కప్లరు, పెట్టెలు విడిపోకుండా, ఒకదాని పైకి ఒకటి ఎక్కకుండా పట్టి ఉంచుతుంది. 2018 జనవరిలో పెరంబూరు పాత రకం పెట్టెల తయారీ ఆపేసింది. ఆరవై ఏళ్ళకు పైగా పట్టిన ఈ ప్రయాణంలో రైల్వే నేర్చుకున్నది ఒకటే. ఉక్కు మందంగా ఉంటే చాలదు. దెబ్బ ఎటు పోవాలో ముందే నిర్ణయించి, మనిషి కూర్చునే చోటు నలగకుండా కాపాడాలి.

కారు సంగతీ అంతే. ముందు భాగం నలిగి దెబ్బను మింగాలి, క్యాబిన్ మాత్రం పెట్టెలా నిలబడాలి, బెల్టు మనిషిని సీటుకు పట్టి ఉంచాలి. ఈనాడు మనం వేసుకునే మూడు మూలల బెల్టును 1959లో వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ తెచ్చాడు. బండ్లను గోడకు గుద్ది, ఫలితాన్ని జనానికి నక్షత్రాల్లో చెప్పే పద్ధతిని అమెరికా 1970ల చివర్లో మొదలుపెట్టింది. యూరప్ 1997లో అందుకుంది.

మన దేశపు బండ్లకు ఆ పరీక్ష 2014లో జరిగింది. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ ఇక్కడ బాగా అమ్ముడుపోయే అయిదు చిన్న కార్లను, ఎయిర్‌బ్యాగులు లేని చవక రకాలను, 64 కిలోమీటర్ల వేగంతో గుద్ది చూసింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. అయిదింటికీ పెద్దవాళ్ళ రక్షణలో సున్నా వచ్చింది. వీటిలో ఐ10 మన శ్రీపెరంబుదూరు పక్కన తయారైంది, ఫిగో మరైమలై నగర్‌లో. అదే ఏడాది నవంబరులో ఒరగడంలో తయారైన డాట్సన్ గోకి కూడా సున్నానే. ఆ బండిని అమ్మకం నుంచి తీసేయమని గ్లోబల్ ఎన్‌క్యాప్ అధ్యక్షుడు మాక్స్ మోస్లీ నిస్సాన్ అధినేత కార్లోస్ ఘోన్‌కు బహిరంగంగా ఉత్తరం రాశాడు. భారతదేశపు డెట్రాయిట్ అని గొప్పగా చెప్పుకునే ఊరికి ఒక్క ఏడాదిలో మూడు సున్నాలు.

ఆ సున్నాల్లోనూ తేడా ఉంది, అది చూడాలి. ఫిగో, పోలోల చట్రం నిలబడింది, కాబట్టి ఎయిర్‌బ్యాగు పెడితే ఉపయోగం. నిజంగానే రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకి నాలుగు నక్షత్రాలు వచ్చాయి, ఎయిర్‌బ్యాగు లేని పోలో అమ్మకాన్ని కంపెనీ మానేసింది. చట్రమే నలిగిపోయిన బండికి ఎన్ని బ్యాగులు కట్టినా కట్టు కట్టినట్టే.

ఫలితం బయటపడ్డాక పరిస్థితి కదిలింది. 2017 అక్టోబరు నుంచి కొత్త మోడలు కార్లకు ఢీ పరీక్ష చట్టంలోకి వచ్చింది, వేగం 56 కిలోమీటర్లు. 2019 జూలై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ అయిదు నక్షత్రాలు తెచ్చుకుంది. మన దేశంలో తయారై అమ్ముడయ్యే కార్లలో అదే మొదటిది. 56కీ 64కీ పెద్ద తేడా ఏముందని అనుకోకండి. తమిళ బడిలో మేము చదివిన ఫిజిక్సు ఇంకా గుర్తుంది. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. ఆ లెక్కన 56 నుంచి 64కి వెళితే దెబ్బ సుమారు 31 శాతం పెరుగుతుంది. 64 నుంచి 80కి వెళితే 56 శాతం. నక్షత్రాలు 64 దగ్గర ఇచ్చినవి. మన జీఎస్టీ రోడ్డులో అర్ధరాత్రి బండ్లు ఎంత వేగంతో పోతాయో మీకే తెలుసు.

2023 అక్టోబరు 1 నుంచి మనకే సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ వచ్చింది. ముందు నుంచి 64తో ఒక గుద్దు, పక్క నుంచి 50తో ఒకటి, ఎక్కువ నక్షత్రాలు కావాలంటే పక్క నుంచి స్తంభానికి 29తో ఇంకొకటి. పెద్దవాళ్ళ రక్షణకు 32 మార్కులు, పిల్లల రక్షణకు 49. అయిదు నక్షత్రాలకు 27, 41 చొప్పున రావాలి. ఒకటిన్నర ఏళ్ళ, మూడేళ్ళ పిల్లల బొమ్మల్ని చైల్డ్ సీట్లలో కూర్చోబెట్టి చూస్తారు. ఈ పరీక్షలు చేయగల కేంద్రాల్లో ఒకటి మన ఒరగడంలోని జీఏఆర్‌సీ. సున్నా వచ్చిన బండి పుట్టిన ఊళ్ళోనే ఇప్పుడు పరీక్ష కేంద్రం ఉంది.

ఇక కరెంటు బండి. 2022లో వేలూరు, విజయవాడ, నిజామాబాదుల్లో స్కూటరు బ్యాటరీలు అంటుకుని మనుషులు పోయారు. ఆ భయం ఇంకా పోలేదు. దాని తరువాత కేంద్రం బ్యాటరీ నిబంధనలు బిగించింది. కార్లకూ సరుకు బండ్లకూ వర్తించే ఏఐఎస్-038 సవరణ 2022 డిసెంబరు, 2023 మార్చి రెండు విడతల్లో అమల్లోకి వచ్చింది. ఒక సెల్లు వేడెక్కినా లోపలివాళ్ళు దిగి పోయేంత ముందుగా హెచ్చరిక రావాలన్నది అందులో ఒకటి. ఢీ పరీక్షలోనూ కరెంటు కార్లు తలెత్తుకునే నిలిచాయి. 2024లో పంచ్ ఈవీకి పెద్దవాళ్ళ రక్షణలో 32కి 31.46 వచ్చింది. చెంగల్పట్టు దారిలోని మహీంద్రా రీసెర్చ్ వ్యాలీలో రూపుదిద్దుకున్న ఎక్స్‌ఈవీ 9ఈకి 32కి 32, పిల్లల రక్షణలో 49కి 45. కాబట్టి కరెంటు బండి అనే కారణంగా భయపడవలసిన పని లేదు.

ఇంతవరకూ చెప్పింది కార్ల కథ. మీరు అడిగింది పికప్. ఇక్కడే జాగ్రత్త.

రైల్వే గుమాస్తా పనిలో మేము ముందు చూసేది సరుకు ఏ క్లాసులోది అని. క్లాసు మారితే చార్జీ మారుతుంది, నియమం మారుతుంది. బండి చట్టంలోనూ అంతే. ప్రయాణికుల కారు ఎం1 తరగతి, చిన్న సరుకు బండి ఎన్1 తరగతి. భారత్ ఎన్‌క్యాప్ నక్షత్రాలు మూడున్నర టన్నుల లోపు ఎం1 బండ్లకే. టాటా ఏస్ ఈవీ, మన చెన్నై మురుగప్ప వారి మోంట్రా ఈవియేటర్, అశోక్ లేలాండ్ వారి స్విచ్ ఐఈవీ ఇవన్నీ సరుకు కోసం కట్టిన బండ్లు. ఏస్ ఈవీలో డ్రైవరు పక్కన ఒక్క సీటే. వెనక సీటే లేని బండిని, వెనక కూర్చున్న పిల్ల బతుకుతుందా అని ఎవరూ పరీక్షించలేదు. నక్షత్రాలు రాలేదు అనడానికీ, ఆ ప్రశ్నే అడగలేదు అనడానికీ చాలా తేడా ఉంది.

తరగతి పేరుతో పరీక్ష తప్పిపోవడం కొత్త కాదు. బెంగుళూరు రేవా కరెంటు కారు ఇంగ్లండులో జీ-విజ్ పేరుతో అమ్ముడైంది. అక్కడి లెక్కలో అది కారు కాదు, క్వాడ్రిసైకిల్. కనుక కారు ఢీ పరీక్ష దానికి అక్కర్లేదు. 2007లో ఒక పత్రిక సొంత ఖర్చుతో గుద్ది చూస్తేగాని దాని బలహీనత లోకానికి తెలియలేదు. అమెరికాలో తల వెనక దిండు కార్లకు 1969లోనే తప్పనిసరి అయింది. పికప్‌లకు 1991 దాకా కాలేదు. ఆ ఇరవై రెండేళ్ళూ పికప్‌లో తిరిగిన కుటుంబాల మెడలు వేరే మెడలా?

పికప్ అంటేనే ప్రమాదమని మేము అనడం లేదు. అమెరికాలో రివియన్ ఆర్1టీ అనే కరెంటు పికప్‌కు 2022లో అక్కడి బీమా కంపెనీల పరిశోధన సంస్థ అత్యున్నత గుర్తింపు ఇచ్చింది. అది నాలుగు తలుపులతో, వెనక సీటుతో కట్టిన బండి, అలాగే పరీక్షించిన బండి. మనకు దగ్గర్లో, తడ దాటగానే శ్రీసిటీలో ఇసుజు పికప్‌లు తయారవుతున్నాయి. వాళ్ళ డీ-మాక్స్ కరెంటు రూపాన్ని 2025 జనవరిలో ఢిల్లీ ప్రదర్శనలో చూపించారు. అలాంటిది రేపు అమ్మకానికి వస్తే మొదట అడగవలసినది: ఇది ఏ తరగతి, ఇక్కడ అమ్మే ఈ మోడలునే గుద్ది చూశారా? వేరే దేశంలో తెచ్చుకున్న నక్షత్రాలు అక్కడ అమ్మే బండివి. ఇక్కడి బండికి వాటిని అరువు ఇవ్వడానికి లేదు.

బరువు సంగతి కూడా చూడండి. బ్యాటరీ వల్ల కరెంటు పికప్ బరువెక్కువ. లోపలివాళ్ళకు అది కొంత మేలే గాని, ఎదురుగా వచ్చే ఆల్టోలో ఉన్నదీ ఒక కుటుంబమే. అమెరికా రవాణా భద్రతా బోర్డు అధ్యక్షురాలు జెనిఫర్ హోమెండీ 2023లో నాలుగు టన్నుల హమ్మర్ ఈవీని చూపించి ఈ మాటే హెచ్చరించారు.

చివరిగా, ఎవరూ మాట్లాడనిది బీమా. మన ఊళ్ళో కుట్టి యానై వెనక నిలబడి పెళ్ళికీ మొక్కుకీ వెళ్ళడం మామూలైపోయింది. సరుకు బండిలో ఉచితంగా ఎక్కిన ప్రయాణికుల నష్టానికి బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీం కోర్టు ఆశా రాణి కేసులో 2002 డిసెంబరులోనే తేల్చింది. సరుకుతో పాటు వెళ్ళే సరుకు యజమానికో ఆయన ప్రతినిధికో మాత్రమే చట్టం చోటిచ్చింది. అంటే వెనక ఎక్కిన అత్తయ్యకు, పిల్లలకు చట్రమూ లేదు, బెల్టూ లేదు, బీమా కూడా లేదు.

కనుక కొనబోయేవాళ్ళు ఇవి చూడండి. ఆర్‌సీలో తరగతి కాలమ్ చదవండి. నంబరు ప్లేటే చెబుతుంది: పచ్చ మీద తెల్ల అక్షరాలైతే సొంత కరెంటు బండి, పచ్చ మీద పసుపు అక్షరాలైతే వాణిజ్య బండి. ఎన్ని సీట్లు, ఎన్ని బెల్టులు ఉన్నాయో అంతమందే ఎక్కండి. నక్షత్రాలు ఉన్నాయంటే పెద్దవాళ్ళ మార్కులు, పిల్లల మార్కులు విడివిడిగా అడగండి.

వ్యాపారానికి కరెంటు పికప్ బాగానే ఉంటుంది, ధైర్యంగా కొనండి. తిరుపతికి మాత్రం ఆ రోజుకు ఒక వ్యాను అద్దెకు తీసుకోండి, లేదా సెంట్రల్‌లో సప్తగిరి ఎక్కండి. సరుకుకు ఒక బండి, మనుషులకు ఒక బండి. రైల్వే చాలావరకు చేస్తున్నది అదే.