పచ్చ లేజరు పడిన కన్ను

గదిలో లైట్లు తీసేశారు. కంటి లోపలి పొరలు చూపే ఓసీటీ యంత్రం ముందు స్టూలు మీద పన్నెండేళ్ల కుర్రాడు. గడ్డం ఆనించి, నుదురు పట్టీకి తాకించాడు. "ఆ చిన్న గుర్తునే చూడు నాన్నా, రెప్ప కొట్టకు" అంటోంది టెక్నీషియన్. వాళ్లమ్మ పక్కన నిలబడి మీరూ తెర చూస్తున్నారు.

రెటీనా అడ్డకోత పొరలు పొరలుగా పరుచుకుంటుంది. మధ్యలో చిన్న పల్లం, ఫోవియా. అక్షరం చదవాలన్నా, మొహం గుర్తుపట్టాలన్నా అదే ఆధారం. దాని అడుగున తెల్లటి గీత ఒకటి తెగకుండా సాగాలి. వీడికి నట్టనడుమ తెగింది. మిల్లీమీటరులో చిన్న వంతే. అక్షరాల చార్టులో రెండు వరసలు పోవడానికి అంత చాలు.

"నొప్పి లేదన్నాడు డాక్టరు గారూ, అందుకే ఆలస్యం చేశాం."

"రెటీనాకి నొప్పి తెలీదమ్మా."

జాతరలో కొన్న లేజరు పెన్ను బల్ల మీద ఉంది. స్టిక్కరు మీద 5 మిల్లీవాట్ల లోపు అని రాశారు. ఆ అంకెను నేను నమ్మను. పరీక్షిస్తే అంతకు ఎన్నో రెట్లు తేలిన చవక పెన్నులున్నాయి. పైగా పచ్చ లేజరు చాలావాటిలో మొదట పుట్టేది పరారుణ కిరణం. స్ఫటికాలు దాన్ని 532 నానోమీటర్ల పచ్చ వెలుగుగా మారుస్తాయి. ఫిల్టరు పెట్టకపోతే మారకుండా మిగిలిన పరారుణం కూడా బయటికొస్తుంది. అది కనపడదు, రెప్పకు తెలియదు.

పెద్ద వెలుగు పడితే పావు సెకనులో రెప్ప వాలాలి. వీడేమో అద్దంలో పచ్చ చుక్కను చూస్తూ, రెప్ప వేయనని స్నేహితులతో పందెం కాశాడు. తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. అది ఆట కాదని వాడికి చెప్పినవాళ్లు లేరు. రెటీనా అడుగు నల్లపొరలోని మెలనిన్ ఆ వెలుగును పీల్చి వేడెక్కింది, ఆ వేడికి పైనున్న, కాంతిని పట్టే కణాలు మాడాయి.

నెల తర్వాత అదే స్టూలు. గీత రెండు వైపుల నుంచీ కాస్త దగ్గరైంది. పంక్తిలో ఒకరు లేచిపోతే పక్కవాళ్లు జరిగి కూర్చున్నట్టు నల్లపొర కణాలు ఖాళీని కప్పేశాయి. అంచుల్లో చావకుండా మిగిలిన, కాంతిని పట్టే కణాలు కోలుకున్నాయి. నడుమ చచ్చినవి రావు. జీబ్రా చేపకైతే రెటీనాలోని ముల్లర్ కణాలు కొత్తవాటిని పుట్టించేవి. మనిషిలో అవే కణాలు మచ్చ కడతాయి.

చార్టులో ఒక వరస తిరిగొచ్చింది.

"చుక్కల మందేమైనా?"

"దీనికి పనిచేస్తుందని రుజువైన మందు లేదమ్మా." డాక్టరు గళ్ల కాగితం కుర్రాడికిచ్చారు. "రోజూ ఒక్కో కన్ను మూసుకుని నడుమ చుక్కనే చూడు. గీతలు ఇప్పటికన్నా వంకరపోతే ఆ రోజే రా. మచ్చ దగ్గర కొత్త రక్తనాళాలు పుట్టొచ్చు. వాటికైతే ఇంజెక్షన్ ఉంది."